ఒక ముడి ఎరుపు, రెండు ముళ్లు ఆకుపచ్చ

సెలవు మీద వచ్చి అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే, ఏ సందులోంచో తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించిన వాసన వస్తుంది. భుజాన మూడు నక్షత్రాలున్న కెప్టెన్‌నే కావచ్చు, ఆ వాసన తగిలితే నాన్న టైలరు షాపులో నేల మీద కూర్చున్న పిల్లవాణ్ణయిపోతాను.

ఆషాఢం వానల్లో బోనాల జాకెట్లతో షాపు కిక్కిరిసేది. కుట్టుమిషన్ల చప్పుడు, అమ్మ పంపిన మక్క గారెల కమ్మదనం, ఎదురుగా కోచింగ్ సెంటర్ల గోడలకు తడిసి వేలాడే కాగితాలు, మూలన కాజాలు కుడుతూ అమ్మ వాళ్ల నాన్న, ఒకప్పుడు పోచంపల్లిలో మగ్గం నేసిన మా తాత. ఆయన దారపు రీళ్లకు ముళ్లుండేవి: ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి రెండు. నేతవాళ్ల ఆచారం కాబోలు అనుకునేవాణ్ణి.

పంజాగుట్ట గల్లీలో క్రికెట్ ఆడుతుంటే గడ్డిలో పడ్డ ఎర్ర బంతి నాకు తప్ప అందరికీ కనిపించేది. ఎర్రగడ్డ రైతుబజారులో నేను ఏరిన టమాటాలు సగం పచ్చికాయలే. ఒట్టి బద్ధకస్తుడినని తిట్టేవాళ్లు, నేనూ నమ్మేశాను. ఒకరోజు మెరూన్ జాకెట్‌కి తాత ఇంకా ముడి వేయని ముదురాకుపచ్చ రీలు అందించాను. మాటల్లో పడ్డ నాన్న ఒక చెయ్యంతా కుట్టేశాడు.

“కండ్లు నెత్తికెక్కినయారా?” అని నాన్న లేస్తే, తాత అడ్డొచ్చాడు. “తిట్టకు అల్లుడా. నాకు సుత గంతే. రంగు అడిగి గా ముడులు ఏసేది గందుకే.”

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని ఈ చూపు తల్లి ద్వారా కొడుక్కి వస్తుందని సోమాజిగూడ డాక్టరు చెప్పిన రోజు నుంచి, అదేదో తను చేసిన తప్పయినట్టు అమ్మ ఆ సంగతి వస్తే గొంతు తగ్గించేది. నేనేమో కంటోన్మెంట్ గేటు దగ్గర జవానుని చూసిన నాటి నుంచి మిలిటరీ తప్ప మరో మాట ఎత్తనివాణ్ణి.

రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కాయి, వైద్య పరీక్ష మిగిలింది. కోచింగ్‌లో సీనియరు అన్న ఒకడు రంగుల చుక్కల్లో అంకెలు దాగిన పరీక్ష పుస్తకానికి జిరాక్స్ తెచ్చిచ్చాడు. రంగుల పుస్తకాన్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీసిన ఘనత మా అమీర్‌పేటదే! పక్కన పెన్నుతో జవాబులు కూడా ఉన్నాయి. “జర బట్టీ కొట్టు తమ్మీ, ఎవలకు ఎర్కైతది?” అన్నాడు. అమ్మ కూడా బతిమాలింది. తాత మాత్రం సూది ఆపి, “రేపు నీ ఎన్క నలుగురు నడుస్తరు. గా మందిని సుత బట్టీ మీదనే నడిపిస్తవా?” అన్నాడు.

వైద్య పరీక్షలో అంకె కనబడని పేజీలకు కనబడలేదనే చెప్పాను. డాక్టరు చిన్న లాంతరు తీసి ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం మార్చి మార్చి చూపించాడు. దీపాల వెలుగులో ఆ తేడా నాకు తెలిసింది, ఒక్కటీ తప్పలేదు. విమానాలకు పనికిరావు, నేల మీది సైన్యానికి పనికొస్తావు అన్నారు. నేను అడిగిందీ నేలే. ఇన్నేళ్ల తర్వాతా ఛాతీ ఉబ్బేది నెగ్గినందుకు కాదు, నిజం చెప్పి నెగ్గినందుకు.

ఇప్పుడు షాపు ఉన్నచోట ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. మిషన్లు లేవు, తాత లేడు. అమ్మ గొంతు తగ్గించే అలవాటు కూడా పోయింది. మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పై అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన గుంటూరు ఆవిడ “మీ అబ్బాయి ఆర్మీ అంటగా, ఎవరి పోలికండీ?” అని అడిగింది.

అమ్మ లిఫ్టంతా వినబడేలా చెప్పింది: “మొకం వాళ్ల నాయినది. కండ్లు మాత్రం మా నాయినయి.”