మహానుభావులకు గదులు కేటాయించిన రోజులు

ఆ రోజుల్లో నాకు చిన్న ఉద్యోగాలంటే ఎంత చిన్నచూపో, ఉద్యోగాలకు నేనంటే అంతకు మించి చిన్నచూపు ఉండేది. చరిత్రలో బి.ఎ. పూర్తి చేసి, తుక్కుగూడలో మా ఇంటి గడప మీద కూర్చుని, రాజవంశాలన్నీ వరసగా గుర్తున్న మనిషిని ప్రపంచం ఎందుకు పిలవడం లేదా అని ఎదురుచూసేదాన్ని. (వరసగా అన్నది పూర్తి నిజం కాదు. మధ్యలో ఒకటి రెండు వంశాలు ఎప్పుడూ జారిపోయేవి.) చివరికి ప్రపంచం బదులు మా మేనమామ పిలిచాడు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు పోయే దారి పక్కన కొత్త లాడ్జి తయారవుతోందనీ, రిసెప్షన్‌లో కూర్చోవడానికి చదువుకున్న పిల్ల కావాలన్నారనీ చెప్పాడు. "ఆడ ఏం పనుంటది మామా?" అని అడిగితే, "ఏముంటది, వచ్చేటోళ్లకు తాళంచెవి ఇయ్యాలె, పోయేటోళ్ల దగ్గర తీసుకోవాలె" అన్నాడు. రాజ్యాలు చేతులు మారడం గురించి అప్పటికే చదివి ఉన్నాను గనుక ఇది నా వల్ల అవుతుందనిపించింది.

లాడ్జికి యజమానులు ఇద్దరు. ఒకాయన్ని అందరూ బాపు అనేవారు. ఎయిర్‌పోర్టు రాకముందు ఆ చుట్టుపక్కలే టమాటా, వంకాయ పండించిన రైతు. రెండో ఆయన చాచా. బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం నడిపి నడిపి, సైకిళ్లు కనబడకుండా పోయాక దుకాణం మూసేసిన మనిషి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే రోజు బడి మానేసిన దోస్తులు. మధ్యాహ్నం ఒకే చాయ్ తెప్పించుకుని ఒకరు కప్పులో, ఒకరు సాసర్‌లో తాగేవారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కొట్లాడుకోలేదని గొప్పగా చెప్పుకునేవారు. నేను చేరిన వారానికే ఆ గొప్ప పోయింది.

బాపు ఎవరిదో పెళ్లికని సిటీలో పెద్ద హోటలుకు వెళ్లి, అక్కడ హాళ్లకు నదుల పేర్లు పెట్టడం చూసి వచ్చాడు. వచ్చీ రాగానే, "నంబర్లు జైల్ల ఉంటయి. మన రూములకు దేశంల పెద్ద పెద్దోళ్ల పేర్లు పెడదాం. పండుకున్నోడు పొద్దుగాల లేస్తే జర దేశం యాదికి రావాలె" అన్నాడు. చాచా "వాహ్!" అన్నాడు. తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు హిస్టరీ చదివినవ్ గద బిడ్డా. ఎవలు పెద్దోళ్లో నువ్వే చెప్పు." నా డిగ్రీని ఒక మనిషి ఉపయోగపడే వస్తువుగా చూడటం అదే మొదటిసారి. కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను. (ఇక్కడ ఆ మహానుభావుల పేర్లు రాయను. వాళ్ల అభిమానులు ఇప్పటికీ ఉన్నారు, నాకంటే బలంగా ఉన్నారు.)

ఎవరు గొప్పవాళ్లన్నది త్వరగానే తేలింది. ఎవరికి ఏ గది అన్నది మాత్రం తేలలేదు. ఏళ్ల తరబడి జైల్లో మగ్గిన ఒక స్వాతంత్ర్య యోధుడికి ఏసీ గది ఇద్దామని నేనంటే, "జైల్ల ఏసీ ఉండెనా? ఆయనకు అలవాటు లేదు. ఫ్యాన్ రూము ఇయ్యి" అన్నాడు బాపు. సభల్లో సింహంలా గర్జించే నాయకుణ్ణి జనరేటర్ పక్క గదిలో వేశాం. ఆయన గొంతు దానికి లొంగదని చాచా హామీ ఇచ్చాడు. రాణిగారికి అద్దం పెద్దగా ఉన్న గది. ఒకరి మీద ఒకరు యుద్ధాలు చేసిన ఇద్దరు రాజులకు పక్కపక్క గదులు రావడంతో, మధ్య గోడ పలచగా ఉందని ఒకాయన్ను కింది అంతస్తుకు పంపాం. అసలు చిక్కు ఒక సన్యాసితో వచ్చింది. మిగిలినవన్నీ డబుల్ బెడ్ గదులే. "జిందగీ మొత్తం బ్రహ్మచారి బేటీ, డబుల్ బెడ్ ఎట్ల ఇస్తవ్?" అని చాచా నొచ్చుకున్నాడు. వేరే రకం గది లేదని బతిమాలి ఒప్పించాను. అప్పటికి నాకే ఆ మహానుభావులంతా బ్యాగులు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డట్టు అనిపించడం మొదలైంది.

ఇక మిగిలింది పై అంతస్తు చివరి గది. కిటికీ తీస్తే విమానాలు లేచిపోవడం కనిపించేది. లాడ్జి మొత్తానికి అదే మహారాజా గది. దానికి బాపు ఒక పహిల్వాన్ పేరు పెట్టాలన్నాడు, చాచా ఒక గాయకుడి పేరు. "పాటలు పాడితే దేశానికి ఏమొచ్చింది?" అన్నాడు బాపు. "నీ పహిల్వాన్ ఎవర్నో కింద పడేసిండు. దానితోని దేశం లేచిందా?" అన్నాడు చాచా. బాపు సాసర్ పక్కకు నెట్టేశాడు. మర్నాటి నుంచి రెండు చాయ్‌లు తెప్పించారు. ఒకే బల్లకు చెరో పక్కన కూర్చుని, "ఆయనకు చెప్పు బిడ్డా", "ఉస్కో బోలో బేటీ" అంటూ నా ద్వారానే మాట్లాడుకున్నారు. మూడో రోజుకు చాచా, "నా హిస్సా నాకిచ్చెయ్యమను. సైకిళ్ల దుకాణమే నయముండె" అన్నాడు. నేను ఆ మాట బల్ల ఇవతలి నుంచి అవతలికి చేర్చలేక, "చాచాకు ఎండ ఎక్కువైంది బాపూ" అని చేర్చాను. ఎందుకంటే వాళ్లు విడిపోతే లాడ్జి ఉండదు, లాడ్జి లేకపోతే నాకు మళ్లీ మా గడపే గతి.

పేర్లు రాయడానికి బడంగ్‌పేట్ నుంచి ఒక పెయింటర్ అన్న వచ్చేవాడు. తలుపులన్నీ అయిపోయినా చివరి గది అలాగే ఉంది. రోజూ అడిగేవాడు, రోజూ ఆపేవాళ్లం. ఇంకా ప్రారంభోత్సవం కాకుండానే ఒక మధ్యాహ్నం గాలివాన ముంచుకొచ్చింది. విమానాలు ఆగిపోయాయి. టాక్సీ డ్రైవర్లు చిక్కుకుపోయిన ప్రయాణికుల్ని ఒక్కొక్కరినే తెచ్చి మా గుమ్మంలో దింపసాగారు. కరెంటు పోయింది, జనరేటర్ మొదలైంది. ఒక చేత్తో తాళంచెవులు, ఒక చేత్తో తువ్వాళ్లు ఇస్తుంటే ఫోన్ మోగింది. పై అంతస్తు నుంచి పెయింటర్ అన్న. "అక్కా, రంగు ఎండిపోతున్నది. ఈ రూము మీద ఏం రాయాలె?" "జర ఆగన్నా!" అని అరిచాను. ఉరుము ఉరిమింది. "ఏంది? జరాగన్ననా?" అన్నాడు. "ఆఁ, జర ఆగన్నా!" అని పెట్టేశాను.

లాడ్జి మొదటి రోజు ఎలా గడిచిందో చెప్పడం కష్టం. "రాణిగారికి నీళ్లు వస్తలేవు" అని ఒకరు, "సింహంగారి గదిలో మాట వినబడతలేదు" అని ఇంకొకరు. కొత్తగా పెళ్లైన జంట అత్తగారితో సహా వచ్చింది. జంటకు మిగిలింది సన్యాసిగారి గదే. అత్తగారు తలుపు మీది పేరు చదివి, "శుభమా అని పోతుంటే గీ రూమేంది?" అని నడవలో ఆగిపోయింది. పెళ్లికొడుకు మాత్రం నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని, "పర్వాలేదు మేడం, ఆయన ఏమనుకోడు" అన్నాడు. చివరి గది అప్పటికే రాజమండ్రి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ పెద్దమనిషికి ఇచ్చాను. పైకి వెళ్లినాయన కాసేపటికి దిగి వచ్చి, "అమ్మాయ్, అన్ని గదుల మహనీయులూ నాకు తెలుసు. ఈ జరాగన్న గారెవరు?" అని అడిగాడు.

పెయింటర్ అన్న ఫోన్లో ఏం విన్నాడో, తలుపు మీద ఏం రాశాడో నాకప్పుడు అర్థమైంది. నేను నోరు తెరిచేలోపు అత్తగారు, "మా ఊర్ల దిక్కు ఆయనే అయుంటడు" అంది. తనకు తెలియని గొప్పవాడు ఉండటం పెద్దమనిషికి నచ్చలేదు. "ఆఁ, గుర్తొచ్చింది. మా నాన్నగారు చెబుతుండేవారు. చాలా నిదానస్తులట" అన్నాడు. దుప్పట్లు మోసుకొస్తున్న బాపు నా చెవి దగ్గర వంగి, "ఎవలే బిడ్డా ఆయన? పహిల్వానా?" అన్నాడు. ఇటు నుంచి చాయ్ ట్రేతో చాచా, "పాడేటోడా బేటీ?" అన్నాడు. ఆ పేరు అవతలివాడు పెట్టించాడని ఎవరి అనుమానం వాళ్లది. కానీ గిరాకీగా వచ్చిన మనిషి ముందు తెలియదనడం ఇద్దరికీ నామోషీ. "పెద్ద కుస్తీ వీరుడు సార్" అన్నాడు బాపు. అదే క్షణంలో "బహుత్ బఢియా గాయకుడు సాబ్" అన్నాడు చాచా. పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బాపు దుప్పట్లు కింద పెట్టి, "కుస్తీ పట్టుకుంటనే పాడేటోడు" అన్నాడు. చాచా వెంటనే, "అవును యార్, ఆయన రాగం ఎత్తుకుంటే అవతలోడు తానే కిందపడేటోడు" అన్నాడు. "ఊర్ల మా తాతను గూడ పడేసిండు గద?" "మా తాతను గూడ!" అన్ని రోజుల తర్వాత వాళ్లు నా సాయం లేకుండా మాట్లాడుకున్న మొదటి మాటలు అవే.

ఇద్దరూ ఉత్సాహంతో జరాగన్నను తెల్లవాళ్ల మీదికి కూడా పంపబోతున్నారు. ఇంతలో పెయింటర్ అన్న కుంచె పట్టుకుని మెట్లు దిగాడు. "అక్కా, జాగ మిగిలింది. జరాగన్న ఇంటిపేరు గిట్ల ఏమన్న రాయాలెనా?" ఇక తట్టుకోలేకపోయాను. "నేను చెప్పింది పేరు గాదన్నా! జర ఆగు అన్న!" అన్నాను. బాపు చాచాను చూశాడు. చాచా ట్రే నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. బాపు దుప్పట్ల కుప్ప మీద కూలబడి నవ్వాడు. అత్తగారు కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వనిది పెద్దమనిషి ఒక్కరే. "అయినప్పటికీ ఆ పేరుతో ఒక మహనీయులు ఉన్నారమ్మా. మా నాన్నగారు అబద్ధం చెప్పే మనిషి కాదు" అని గంభీరంగా పైకి వెళ్లిపోయాడు.

సాయంత్రం వాన తగ్గాక ఇద్దరూ ఒకే చాయ్ తెప్పించుకున్నారు. ఆ పేరు చెరపొద్దని పెయింటర్ అన్నకు చెప్పారు. పహిల్వాన్ ఊసు, గాయకుడి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా ఉద్యోగం నిలబడింది.

ఇప్పుడు బుద్వేల్‌లో కాపురం, సిటీలో ఆఫీసు. ఎప్పుడైనా ఎయిర్‌పోర్టు దారిలో పోతుంటే, వారం రోజుల పాటు దేశంలోని మహానుభావులందరినీ తన ముందు నిలబెట్టుకుని, ఒకరికి ఏసీ, ఒకరికి ఫ్యానూ పంచిన ఆ నిటారు అమ్మాయి గుర్తొస్తుంది. ఎంత నమ్మకం దానికి! దేశం తన తీర్పు కోసమే ఆగి ఉందనుకుంది. ఆ తర్వాత నన్ను ఎవరూ అంత మర్యాదగా అభిప్రాయం అడగలేదు. మా ఇంట్లో ఈ పూట బెండకాయ వండాలా, దొండకాయ వండాలా అన్నది కూడా నన్ను అడక్కుండానే తేలిపోతోంది.