లావు పిల్ల ఆగుతుందన్నాను

1966. గోదావరిఖనిలో అప్పటికి బొగ్గు బావులు కొత్త, కాలనీలు ఇంకా కడుతున్నారు. అక్కడ ఒక చిన్న దవాఖాన ఉండేది, ఇప్పుడు లేదు. అందులో ప్రసూతి వార్డు నాది. పది మంచాలు, ఊరంతా తిరిగే ఒక డాక్టరు, ఆయన లేనప్పుడు ఆయన కంటే నాకే ఎక్కువ తెలుసన్నట్టు తిరిగే నర్సును నేను.

రాజవ్వ భర్త బావిలో బొగ్గు నింపే పని చేసేవాడు. మొదటి కాన్పులో నెలలు నిండిన బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి ఎనిమిదో నెలలో వచ్చినప్పుడు యూరిన్ టెస్టు చేశాను. నీలం మందులో మూత్రం చుక్కలు వేసి స్పిరిట్ ల్యాంపు మీద కాస్తాం. షుగర్ లేకపోతే నీలంగానే ఉంటుంది. బాగా ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. రాజవ్వది ఇటుక రంగు. డాక్టరు తీపి మానెయ్యమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. షుగర్ తల్లిది, బిడ్డకు దాంతో ఏం పని అనుకున్నాను నేను.

ఆడపిల్ల పుట్టింది. పది పౌన్లు, అంటే నాలుగున్నర కిలోలు దాటింది. వార్డంతా వచ్చి చూసింది. విజయ అని పేరు కూడా అప్పుడే పెట్టేశారు. అదే పూట ఇంకో తల్లికి నాలుగు పౌన్ల పిల్లవాడు పుడితే, వాడికి రెండు గంటలకోసారి గ్లూకోజ్ నీళ్లు చెంచాతో తాగించాను. విజయకు తాగించలేదు. బక్క పిల్లలకు ముందు, లావు పిల్లలు మర్నాటి దాకా ఆగుతారన్నది మా వార్డు పద్ధతి.

మధ్యాహ్నం రాజవ్వ పిలిచింది. "సిస్టరమ్మా, బిడ్డ చేతులు వణుకుతున్నయ్. రెండు చుక్కలు పాలు పట్టనా?"

"ఇంత లావు పిల్లకు ఏమైతది? ఆగుతది. నువ్వు పండుకో" అని నవ్వాను.

గంట తిరక్కుండా పిల్లకు ఫిట్స్ వచ్చాయి. డాక్టరు పరుగున వచ్చి నరానికి గ్లూకోజ్ ఎక్కించాడు. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. గండం గడిచిందనుకుని ప్రార్థన చేసుకుని ఇంటికి పోయాను.

మరుసటి ఏడు కాలనీ ఆడవాళ్లు బేబీ షో పెట్టారు. పిల్లలను తూచే పని నాదే. విజయకు ఫస్టు ప్రైజు, స్టీలు గిన్నె వచ్చింది. మా వార్డు పిల్లేనని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

1973లో రాజవ్వ మళ్లీ కడుపుతో వచ్చింది. వెంట విజయ. ఏడేళ్ల పిల్ల ఒక్క నిమిషం నిలవలేదు. నా ట్రేలో దూదంతా పీకి పోసింది. అక్షరాలు ఇవ్వాళ చెప్తే రేపటికి ఉండవట. బడి నుంచి రెండుసార్లు ఇంటికి పంపేశారు.

"కడుపుతోటి ఉండి బెల్లం దొంగతనంగ తిన్నవ్, అందుకే పిల్ల గిట్లయ్యిందని మా అత్త రోజు అంటున్నది. ఒక్క ముక్క గూడ ముట్టలే సిస్టరమ్మా. నా తప్పేనా?"

అప్పటికి నాకు తెలుసు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చెప్పింది. తల్లి షుగర్ కడుపులో బిడ్డకు చేరుతుంది, దానికి సరిపడా బిడ్డ ఒళ్లు ఇన్సులిన్ తయారుచేస్తుంది. బొడ్డు కోశాక షుగర్ ఆగిపోతుంది కానీ ఆ ఇన్సులిన్ వెంటనే తగ్గదు. బిడ్డ షుగర్ పడిపోయి మెదడుకు తిండి అందదు. ఆ వణుకు అదే. అలాంటి పిల్లలందరూ ఇలా అవుతారని కాదు, విజయకు అదొక్కటే కారణమని ఎవరూ తేల్చలేరు కూడా. కానీ ఆ పూట తల్లి పాలు పడతానంటే వద్దన్నది నేను. ఇవేమీ చెప్పకుండా, "దేవుడున్నాడు రాజవ్వా" అన్నాను. సిగ్గులేని మాట.

ఈసారి రాజవ్వకు ఇన్సులిన్ ఇచ్చాం, వారం వారం టెస్టు చేశాం. మగపిల్లవాడు పుట్టాడు, తొమ్మిది పౌన్లు. గంటలోపే తల్లి పాలు పట్టించి, పైన గ్లూకోజ్ నీళ్లు కూడా తాగించాను. రాజవ్వ చూస్తూ పడుకుంది.

"వీడు గూడ లావే గద సిస్టరమ్మా. ఆగుతడని అనవా ఈసారి?"

ఏడేళ్లు ఆ మాట మోసింది. మంచం అంచున కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "నాకెందుకు చెప్తవ్? నాకు ఎరుకే. పోయి మా అత్తకు చెప్పు" అంది.

వాళ్లు ఇంటికి వెళ్లాక, ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్ల క్వార్టరుకు పోయాను. ముసలమ్మ ముందు కూర్చుని, తప్పు నీ కోడలిది కాదు, నాది అని పూస గుచ్చినట్టు చెప్పాను. ఆమె విని, నా రెండు చేతులు పట్టుకుంది.

"ఎంత దొడ్డ మనసు బిడ్డా నీది! నా కోడలు తప్పు నీ నెత్తినేసుకుంటున్నవ్. సదువుకున్నోళ్లు గసొంటి తప్పు చేస్తరా?"

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. రాజవ్వ పిల్లవాడికి పాలిస్తూ తల ఎత్తలేదు. విజయ ఆ ప్రైజు గిన్నెను బండకేసి కొడుతూనే ఉంది.

ఆ తర్వాత నా వార్డులో షుగర్ తల్లికి పుట్టిన ఒక్క బిడ్డా పస్తు ఉండలేదు. తల్లి పిలిస్తే నవ్వకుండా పోయి చూశాను. ఇంత చేసినా, ఆ ఇంట్లో రాజవ్వ బెల్లం తిన్నదనే మాట మాత్రం నేను తుడపలేకపోయాను.