శాసనసభ్యుడి దగ్గరికి బావతో

పేపర్లో శాసనసభ్యుడు అని రాస్తారు. మా గోదావరిఖనిలో అందరూ ఎమ్మెల్యే అనే అంటారు. ఆ పెద్ద మాట ఎక్కడిదో తెలుసుకుందామని గ్రంథాలయంలో నిఘంటువు తీశాను. సంస్కృతంలో 'శాస్' అనే ధాతువు ఉంది. ఆజ్ఞాపించడం, బోధించడం, దండించడం, మూడూ దాని అర్థాలే. శాస్త్రం, శిష్యుడు కూడా అందులోంచి పుట్టినవే. శాసనమంటే ఆజ్ఞ. రాజులు రాళ్ల మీద చెక్కించినవి అవే. ఇప్పుడు చట్టమని అర్థం. చట్టాలు చేసే సభలో కూర్చునేవాడు శాసనసభ్యుడు.

ఇది చదివిన వారంలోనే మా అక్క భర్త, మా బావ, నన్ను ఎమ్మెల్యే ఇంటికి తోడు రమ్మన్నాడు. బావ బొగ్గుగనిలోకి దిగి పనిచేసేవాడు. నడుం దెబ్బతిన్నది. ఇక దిగలేడు. పైన ఏదైనా తేలిక పని ఇప్పించమని అడగాలి. మా దగ్గర ఇలాంటి పనికి ఎవరూ ఒంటరిగా పోరు. మాట్లాడేవాణ్ని ఒకణ్ని వెంట తీసుకుపోతారు. పుస్తకాలు చదువుతానని బావ నన్ను పట్టుకుపోయాడు.

దారిలో ఆ మాటకు అర్థం చెప్పాను.

"అంటే ఈయన చెప్తే మేనేజర్ వింటడా?"

"ఈయన పని చట్టాలు చేసుడు బావా. డ్యూటీలు వేసేది మేనేజర్."

"మరెందుకు పోతున్నం?"

"నువ్వు రమ్మంటే వస్తున్న."

"నడుము నాది, అర్థం నీది. నడువు బామ్మర్ది."

ఆ ఇంటి వరండాలో అప్పటికే జనం ఉన్నారు. ఒకాయన బిడ్డ పెళ్లికి పిలవడానికి వచ్చాడు. ఒకామె వాళ్ల గల్లీలో మురికినీళ్లు పొంగుతున్న మోరీ గురించి దక్కనీ ఉర్దూలో గట్టిగా చెబుతోంది. చట్టం కోసం వచ్చినవాళ్లు ఎవరూ కనబడలేదు.

"ఏందన్నా?" అన్నాడు ఎమ్మెల్యే. నడుం సంగతి చెప్పాను. ఆయన వెంటనే మేనేజర్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మెడికల్ బోర్డు రాసియ్యాలె సార్. నా చేతుల లేదు" అన్నాడు మేనేజర్.

"బోర్డుకు పోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ఎమ్మెల్యే మాతో.

బావ దవాఖానకు పోయి బోర్డు ముందు నిలబడ్డాడు. డాక్టర్లు పరీక్షించి తేలిక పనికి రాశారు. ల్యాంపు రూములో వేశారు. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చే పని.

ఆ పని దొరికిన సాయంత్రమే బావ లడ్డూలు కొని ఎమ్మెల్యే ఇంటికి పోయాడు. ఆయన ఒకటి తిని, దేనికని అడిగాడట.

"డాక్టర్లకు ఇయ్యలేదా?" అన్నాను.

"వాళ్లు వాళ్ల డ్యూటీ చేసిండ్రు. ఈయన తనది కాని డ్యూటీ చేసిండు" అన్నాడు బావ.