చిన్న గిన్నె కూర

మిరపకాయలు పండించే ఇంట్లో కారం తినకూడని మనిషి ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నన్నడగాలి. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా ఆయన ఎండు మిరపకాయను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, అది ఏ రకమో, కల్లంలో ఎన్నాళ్లు ఎండిందో చెప్పేస్తారు. అలాంటి మనిషికి కడుపులో పుండు పడిందనీ, ఇక కారం ముట్టకూడదనీ గుంటూరు డాక్టరు చెప్పారు. ఆ మాట విని ఆయన నా వైపు చూసిన చూపు, తప్పంతా నా గోంగూర పచ్చడిదే అన్నట్టుంది.

ఆ రోజు నుంచి మా పొయ్యి మీద రెండు గిన్నెలు. పెద్ద గిన్నెలో నాకూ, కొడుక్కూ, కోడలికీ మామూలు కూర. చిన్న గిన్నెలో ఆయనకు చప్పిడి కూర. పాలు పోసి వండిన సొరకాయ, పెసరపప్పు వేసిన పొట్లకాయ, ఎప్పుడైనా ఉప్పూ జీలకర్రా మాత్రం పట్టించిన చేప ముక్క. ఏదో ఒకటిలే అని వండలేదు, మనసు పెట్టే వండాను. ఆయన నాలుగు ముద్దలు తిని లేచిపోయేవారు. ఆరు నెలలకు చొక్కాలన్నీ మెడ దగ్గర వదులైపోయాయి. మందులకు నొప్పి తగ్గింది గానీ మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే నాకు భయం పట్టుకుంది. పుండు మానుతోంది కదా, మరి తిండెందుకు తినడం లేదని డాక్టరు నన్నే అడిగారు. నాకు ఒళ్లు మండింది. ఆ సంగతి నాకు తెలిస్తే డాక్టరు దాకా ఎందుకు వెళతాను?

కాయలు అమ్మడం అయ్యాక, కాస్త గాలి మారుతుందని ఇద్దరం పూరీ వెళ్లాం. చిన్న డబ్బాలో నాకోసం కారప్పొడి పోసుకుని హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకున్నాను. ఆయనకు చెప్పలేదు. రెండో రోజు దర్శనం అయ్యాక, మధ్యాహ్నం ఎండలో కాళ్లు పీకుతుంటే, సముద్రం వైపు వెళ్లే సందులో కనబడిన ఒక బెంగాలీ హోటల్లోకి దూరాం. నాలుగు చెక్క బల్లలు, చప్పుడు ఎక్కువా గాలి తక్కువా ఉన్న ఒక ఫ్యాను. వండేది భర్త, వడ్డించేది భార్య. ఆవిడకు నా వయసే ఉంటుంది, చేతులకు తెల్లటి శంఖు గాజులు వేసుకుంది. మిర్చి యార్డులో ఉత్తరాది వ్యాపారులతో మాట్లాడి మా ఆయనకు హిందీ అబ్బింది. కారం లేకుండా ఏముందని ఆవిడను అడిగారు. ఆ ప్రశ్నే వింతగా తోచినట్టు, ఇక్కడన్నీ అలాగే ఉంటాయి, కూర్చోండి అంది.

అరిటాకులో అన్నం, ఉప్పు, నిమ్మచెక్క, ఒక పచ్చిమిరపకాయ పెట్టింది. మా ఆయన అలవాటు కొద్దీ మిరపకాయ తుంచి వాసన చూశారు. నీళ్లెక్కువ తాగిన చేనుదని తీర్పు చెప్పి, దాన్ని నా ఆకులో పడేశారు.

మొదట చేదు కూర వచ్చింది. కాకరకాయ, అరటికాయ, మునక్కాయ, వంకాయ అన్నీ కలిపి పాలు పోసి వండారు. నేను దాన్ని ఒక పక్కకు నెట్టి, పప్పు వస్తే మొదలుపెడదామని కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా ఆకు చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. వాళ్ల భోజనం చేదుతోనే మొదలుపెట్టాలట, ఒకటి అయ్యాకే ఇంకొకటి తినాలట. ఇంట్లో ఆయన ముందు నేనూ అచ్చం అలాగే నిలబడతానని నాకప్పుడు తట్టలేదు. గబగబా మింగేశాను. తర్వాత పప్పు వచ్చింది. అందులో తీపి తగిలింది. ఇక నావల్ల కాలేదు. బల్ల చాటున డబ్బా మూత తీసి పప్పు మీద ఇంత కారం చల్లుకున్నాను. ఆయన చూశారు. మొహం తిప్పుకున్నారు.

ఆ పైన గసగసాలు నూరి వండిన బంగాళాదుంప కూర, దాని తర్వాత పసుపు రంగు పలచని పులుసులో శీలావతి చేప ముక్క. ఆవనూనె వాసన నాకు ముక్కుకెక్కింది. ఆయన మాత్రం తలెత్తకుండా తింటున్నారు. ముళ్లు తీసి ఆకు అంచున పేర్చుకుంటూ, పులుసు అన్నం అంతటికీ పట్టేలా కలుపుకుంటూ తింటున్నారు. ఆవిడ మారు అన్నం వేస్తే వద్దనలేదు. అదీ అయ్యాక ఇంకాస్త పులుసు పొయ్యమని అడిగారు.

నేను సంతోషించాలి కదా. నాకు చచ్చేంత కోపం వచ్చింది.

"నేను పాలు పోసి వండిన సొరకాయకి ఏం రోగం వచ్చిందండీ? ఆరు నెల్ల నుంచీ నేను వండుతున్నదీ ఇదేగా?" అని అడిగేశాను.

ఆయన నోట్లో ముద్ద మింగి, నింపాదిగా చుట్టూ చూశారు. నేనూ చూశాను. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, ఆయన కూతురు కాబోలు. అవతల బల్ల నిండా ఒక కుటుంబం. అందరి ఆకుల్లోనూ అదే పలచని పులుసు.

"నీ వంటకేం తక్కువే. ఇక్కడ అందరికీ ఒకటే కూర. నా కంచంలోకి ఎవరూ చూట్టంలా" అన్నారు.

ఇంట్లో మేం ముగ్గురం ఎర్రగా కలుపుకుంటూ, మధ్యమధ్య ఆయన కంచంలోకి తొంగి చూస్తాం. పాపం మామయ్యగారు అంటుంది కోడలు. నేనైతే ఎన్ని ముద్దలు తిన్నారో చూస్తూ నెత్తిన నిలబడతాను. ఆయనకు వేరే గిన్నె పెట్టి, పూటపూటకూ నువ్వు రోగివని గుర్తు చేసింది నేనే. కళ్లలో నీళ్లు తిరిగితే ఆయన కారం ఘాటనుకుంటారులే అని సర్దుకుని, డబ్బా మూత బిగించి బ్యాగులో పడేశాను. చివర్లో ఖర్జూరం వేసిన తియ్యటి టమాటా పచ్చడి, అప్పడం వచ్చాయి. ఆ పచ్చడి మాత్రం నిజంగా బాగుంది, నేనూ రెండోసారి వేయించుకున్నాను. పూరీలో ఉన్న మిగతా రెండు రోజులూ అక్కడే తిన్నాం. డబ్బాను గదిలోనే వదిలేసి వెళ్లాను.

ఇంటికొచ్చిన మర్నాడు చిన్న గిన్నెను కడిగి అటక మీద పెట్టేశాను. పెద్ద గిన్నెలోనే సొరకాయ కూర పాలు పోసి వండి, నలుగురికీ అదే వడ్డించాను. ఒక్కొక్క కంచంలో మా చేలో కాసిన పచ్చిమిరపకాయ పెట్టాను, కావాలన్నవాళ్లు కొరుక్కుంటారని. మా అబ్బాయి కూర చూసి, "ఏంటమ్మా, ఎవరికి బాగాలేదు?" అన్నాడు.

"ఎవరికీ ఏం కాలేదు. ఇవాళ కూర ఇదే, తినరా" అన్నాను.

ఆయన తన మిరపకాయ తీసి, తుంచి, వాసన చూశారు. ఇదీ కాయంటే అని నా కంచంలో పెట్టారు. ఆ పైన ఎవరి వంకా చూడకుండా అన్నం కలుపుకున్నారు. నేను తల వంచుకుని నా అన్నం నేను తింటున్నాను. కాసేపటికి ఆయన ఖాళీ కంచం నా ముందుకు జరిగింది.