కట్టయ్య ఎత్తు బంగారం

కట్టయ్య కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూచే దడువాయి. ఎందరి పంటనో తూచిన ఆ మనిషి, తానే ఒకనాడు కాంటా ఎక్కవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అది అతని భార్య సోమక్క మొక్కిన మొక్కు.

ఎనభై ఒకటి మాఘంలో అతనికి కామెర్లు ముదిరి, వరంగల్ పెద్ద దవాఖానలో మంచానికి అతుక్కుపోయాడు. సోమక్క వరండాలోకి వచ్చి, మేడారం దిక్కు తిరిగి కొంగు పట్టింది.

"తల్లీ, ఈ మనిషిని లేపి నడిపియ్యి. వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం తెచ్చి నీ గద్దె మీద పెడత."

మేడారం తల్లులకు బెల్లమే బంగారం. మనిషి ఎంత తూగితే అంత బెల్లం సమర్పించడమే నిలువెత్తు మొక్కు.

తల్లి విన్నది. కట్టయ్య లేచాడు. కానీ రైలు దిగి ఇంటికి నడిచివస్తుంటే వాడకట్టు వాళ్లే అతన్ని గుర్తుపట్టలేదు. చొక్కా దండెం మీద వేసినట్టు వేలాడుతున్నది.

పక్కింటి సమ్మమ్మ మంచి కోరే చెప్పింది. "వదినె, గిప్పుడే తూకం ఏయించు. మనిషి పుల్లలెక్క ఉన్నడు. బెల్లం సగం కలిసొస్తది."

"సగం మనిషినా అమ్మకు చూపించేది?" అన్నది సోమక్క. "నిండుగ అయినంకనే కాంటా ఎక్కుతడు."

మాట అయితే అనేసింది. జాతరకు ఏడాదే ఉంది. ఆలోగా ఈ మనిషి నిండుతాడా అన్న బెంగ మాత్రం ఆ రోజు నుంచి ఆమెను వదల్లేదు.

ఆ ఏడాది ఆ ఇల్లు ఎందరి చేతుల మీదుగానో నడిచింది. వెనక వీధి ఖతీజాబీ పొద్దున్నే చెంబెడు మేకపాలు తెచ్చి గడప మీద పెట్టిపోయేది. సోమక్క అందులో నేల ఉసిరి నూరి కలిపి అతనికి తాగించేది. పైసల మాటెత్తితే ఖతీజాబీ కసిరేది. "పాలు నేనిస్తాన్ననా సోమక్కా? అల్లా ఇస్తాండు, నేను పిండుతాన్న."

వానలకు ఇల్లు కురిస్తే, యార్డు హమాలీలు సెలవునాడు నిచ్చెన వేసుకుని ఎక్కి గూనపెంకలన్నీ సర్దిపెట్టారు. సోమక్క వండిన పప్పుచారు తిని, చేతులు తుడుచుకుని పోయారు. ఆ తర్వాతి వానలో ఆమె మూలమూలకూ వెళ్లి, పొడిగా ఉన్న నేలను అరచేత్తో తడిమి చూసుకుంది. ఆ కాస్త గూడుకు కూడా మనసులోనే తల్లికి దండం పెట్టుకుంది.

దసరా దాటాక పథ్యం తీరింది. కూతురు అరుణ నెక్కొండ నుంచి పాసింజరు బండిలో వచ్చినప్పుడల్లా గిన్నెడు వెన్న తెచ్చేది. తల్లీకూతుళ్లు కలిసి వడ్డిస్తుంటే కట్టయ్య విసుక్కునేవాడు.

"నన్ను జాతర పొట్టేలు అనుకున్నరా ఏంది, గిట్ల మేపుతాన్రు?"

"పొట్టేలు గిన్ని మాటలు మాట్లాడది. తిను," అనేది సోమక్క.

జాతర దగ్గరపడింది. తోటి దడువాయి యాకయ్య యార్డులోనే కాంటా కట్టాడు. సోమక్క తన అంచనా కొద్దీ కొన్న బెల్లం ముద్దలను పసుపు బట్టలో తెచ్చింది. కట్టయ్య సిగ్గుపడుతూనే తలపాగా విప్పి పక్కన పెట్టాడు.

"యాకయ్యా, ఒంటి మీది బట్టలకు జర తరుగు తియ్యి," అన్నాడు. ధాన్యంతో పాటు తూగే సంచి బరువును తీసెయ్యడం అతనికి చేతికొచ్చిన అలవాటు.

"వడ్లకు తియ్యి తరుగు. నీకు తియ్యనియ్య. తలపాగ సుట్టుకొని కూకో," అన్నది సోమక్క.

అతను కాంటాలో కూర్చున్నాడు. రెండో తట్టలో ముద్దలన్నీ పెట్టేశారు. కట్టయ్య తట్ట నేల వదల్లేదు.

"అన్నా, కాళ్లు నేలకు తన్నిపెట్టినవా?" అన్నాడు యాకయ్య. కట్టయ్య కాళ్లు పైకి ముడుచుకున్నాడు. అయినా లేవలేదు.

"వదినె, బెల్లం సాలలే."

సమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, మొక్కు తక్కువ పడిందని. సోమక్క మాత్రం ఆ లేవని తట్టను చూస్తూ నిలబడింది. తన అంచనాను మించిపోయాడు ఆమె మనిషి. నవ్వు ముఖమంతా పాకుతుంటే ఆపుకోలేకపోయింది.

"అరుణా, షావుకారి దగ్గరికి పో బిడ్డ. ఇంకా కావాల్నట అని చెప్పు," అన్నది, యార్డంతా వినపడేటట్టు.

బెల్లం వచ్చేదాకా కట్టయ్య పెండ్లి పీట మీద కూర్చున్నట్టు కాంటాలోనే కూర్చున్నాడు. ఒక్క హమాలీ కూడా నవ్వలేదు. ఒకతను బీడీ పారేసి దండం పెట్టాడు.

మేడారం దారిలో, ములుగు దాటాక, ఎడ్లకు బరువవుతుందని కట్టయ్య బండి దిగి నడిచాడు. సోమక్క బండి వెనక కూర్చుని, దుమ్ములో పడుతున్న అతని అడుగులనే చూస్తూ వెళ్లింది. ముక్కూమొహం తెలియని వాళ్లు దారిలో పిలిచి మంచినీళ్లు పోశారు.

జంపన్న వాగులో తానాలు చేసి గద్దెల దగ్గరికి చేరాక, ఆ మూటలను చూసి ఎవరో ముసలమ్మ అడిగింది. "గింత బంగారమా! ఎవల ఎత్తు బిడ్డా?"

"మా అరుణ నాయినది," అన్నది సోమక్క. "జర తొవ్వ ఇయ్యి అవ్వా, ఎనక నడిసొస్తాండు."