అర్మిందు గారి ఎడమ చెయ్యి

దెయ్యాలను నమ్మను అంటే నా విషయంలో సరిపోదు. నమ్మకూడదని ఇన్నేళ్ళుగా పదిమందికీ బోధిస్తూ వచ్చినవాణ్ని. కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సంఘంలో నేనొక పెద్దని. చనిపోయినవాళ్ళు తిరిగి రారనీ, వాళ్ళ కోసం వెతుక్కోవడం లేఖనాలు నిషేధించిన పని అనీ యువకుల కూటాల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఎవరింట్లోనో చప్పుళ్ళు వినిపిస్తున్నాయంటే ప్రార్థన చేయడానికి వెళ్ళి, చివరికి ఇల్లు వేడి చేసే ఫర్నేస్ బాగు చేయించుకోమని చెప్పి వచ్చినవాణ్ని.

ఇప్పుడు రాస్తున్నది సాక్ష్యం కాదు. సాక్ష్యం సంఘంలో చెప్పేశాను. చెప్పిన తీరుకు సిగ్గుపడి ఇది రాస్తున్నాను.

మా పక్కింట్లో అర్మిందు గారని ఒక పోర్చుగల్ పెద్దాయన ఉండేవారు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. కూతురు లూసియా ఊరికి అవతలి వైపు ఉంటుంది. ఆయన ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు. సరదాగా ఆడినవాడు కాదు, అదే వృత్తిగా బతికినవాడు. ఉత్తర పోర్చుగల్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రి సార్డీన్ చేపల పడవ మీద వెళ్ళేవాడట. ఈయన ఊరి క్లబ్బులో డిఫెండర్‌గా చేరారు. ఎక్కువ కాలం రెండో డివిజన్‌లోనే గడిచింది. ఆ క్లబ్బు పై డివిజన్‌కు ఎక్కిన కొద్ది కాలం మాత్రం దేశంలో పేరున్న స్ట్రైకర్లందరికీ అడ్డం నిలబడ్డారు. తర్వాత మోకాలు పాడైంది. కెనడా వచ్చి వారాంతాల్లో పోర్చుగీసు క్లబ్బుకు ఆడుతూ, మిగతా రోజుల్లో ఇళ్ళకు టైల్స్ వేసే పనిలో స్థిరపడ్డారు.

మొత్తం కెరీర్‌లో ఒకే ఒక్క గోల్ కొట్టారట. అదీ బంతి వచ్చి వీపుకు తగిలి లోపలికి పోయింది. "అటు తిరిగి ఉన్నాను. అందరూ అరుస్తుంటే అప్పుడు తెలిసింది" అని నవ్వేవారు.

నన్ను 'పాద్రే' అని పిలిచేవారు. నేను పాదిరిని కాదు, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగినని ఎంత చెప్పినా వినలేదు. "నాకంటే ఎక్కువ ప్రార్థన చేస్తావు కదా, చాల్లే" అనేవారు. ఆయన క్యాథలిక్. మెడలో ఎప్పుడూ ఒక పునీతురాలి బొమ్మ ఉన్న చిన్న పతకం ఉండేది. మా సంఘంలో అలాంటివి ఒప్పుకోరు కాబట్టి, అది తీసేసి మా ఆరాధనకు రమ్మని చాలాసార్లు పిలిచాను. ఒక క్రిస్మస్ భోజనానికి మాత్రం వచ్చారు. మా ఆవిడ సునీత చేసిన బిర్యానీ తిని, కారానికి కళ్ళు తుడుచుకుంటూ, "ఇది నాలుగో డివిజన్ డిఫెండర్ కొట్టే దెబ్బ" అన్నారు.

మా అమ్మాయి హన్నాకు పదమూడేళ్ళు. ఆమెను డిఫెండర్‌గా తయారు చేసింది ఆయనే. మా రెండిళ్ళ మధ్య ఉన్న గడ్డిలో కుర్చీ వేసుక్కూర్చుని నేర్పేవారు. "బంతిని చూడకు హన్నా, బంతి అబద్ధం చెబుతుంది. కాళ్ళూ అబద్ధం చెబుతాయి. నడుము చూడు."

ఆయనకొక అలవాటు ఉండేది. మాట్లాడుతుండగా ఎవరైనా తొందరపడి కదలబోతే, వెనక నుంచి ఎడమ చేత్తో నడుము దగ్గర చొక్కా పట్టుకుని ఆపేవారు. గుప్పెటతో కాదు. చిటికెడు బట్ట రెండు వేళ్ళతో పట్టి చూపుడువేలికి ఒక మెలిక తిప్పేవారు. గుప్పెటతో పట్టుకుంటే రెఫరీకి కనబడుతుందట. అలా పట్టీ పట్టీ ఆ వేలు వంకరపోయింది. అది ఆటలో తప్పే కదా అన్నాను ఒకసారి.

"తప్పే పాద్రే. ఆదివారం మ్యాచ్, శనివారం కన్ఫెషన్. ముందే చెప్పేసుకునేవాణ్ణి."

ఆయన బేస్‌మెంట్ గోడ మీద పత్రికలో పడిన ఫోటో ఒకటి ఫ్రేమ్ కట్టి ఉండేది. పెద్ద స్ట్రైకర్ ఒకడు తలతో హెడర్ కొట్టడానికి పైకి లేస్తున్నాడు, బంతి అందడం లేదు. అందులో ఆయన ఎక్కడా కనబడలేదు.

"మీరేరీ ఇందులో?"

"సరిగ్గా చూడు. ఆ చెయ్యి నాదే."

స్ట్రైకర్ నడుము వెనక, అంచులో, చొక్కా మెలిక తిప్పి పట్టుకున్న ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకానే. కింద స్ట్రైకర్ పేరు మాత్రమే వేశారు.

"మీ పేరు వెయ్యలేదే!"

"గోల్ పడుంటే వేసేవాళ్ళు, ఎవడి వల్ల పడిందో చెప్పడానికి. పడలేదు కదా" అన్నారు తేలిగ్గా.

పోయిన శరదృతువులో ఆయన గుండెపోటుతో పోయారు. పోర్చుగీసు చర్చిలో జరిగిన అంత్యక్రియలకు మేం ముగ్గురం వెళ్ళాం. హన్నా చాలా రోజులు ఆ గడ్డివైపు పోలేదు.

అసలు సంగతి జరిగింది ఆ చలికాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం. ఇండోర్ మైదానంలో హన్నా మ్యాచ్ అయిపోయింది. కారు వీధికి అటువైపు పెట్టాను. ఆ వీధి మధ్యలో ఎలక్ట్రిక్ ట్రైన్ పట్టాలు ఉన్నాయి. హన్నా ముందే దాటి అవతల నిలబడింది. మంచు కురుస్తోంది. నేను తలకు హుడ్ వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మా పాస్టర్ గారితో మర్నాటి ఆరాధన గురించి మాట్లాడుతూ నడుస్తున్నాను. పక్కన ఆగి ఉన్న లారీ వల్ల ఒకవైపు ఏమీ కనబడలేదు. సిగ్నల్ చూడలేదు. అది నా తప్పే.

పట్టాల మీద కాలు పెట్టబోతుండగా వెనక నుంచి ఎవరో కోటు పట్టుకుని లాగారు. నడుము దగ్గర, ఎడమవైపు. తోసినట్టు కాదు, జారినట్టు కాదు. పట్టుకుని, బిగించి, వెనక్కి. నేను కేక పెట్టి మంచులో కూలబడ్డాను. నా బూట్ల ముందు నుంచి ట్రైన్ వెళ్ళిపోయింది. గంట కొడుతూనే ఉందట, నాకు వినబడలేదు.

కృతజ్ఞతలు చెబుదామని వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. నా వెనక అప్పుడే పడిన మంచులో నా అడుగులూ, ముందే దాటిన హన్నా అడుగులూ తప్ప వేరే అడుగులు లేవు. ఈ ఒక్క విషయం చాలాసేపు నిలబడి చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలను.

హన్నా ఏడుస్తూ వచ్చింది. "డాడీ, సమ్‌బడీ పుల్డ్ యూ! ఐ సా యువర్ జాకెట్ గో బ్యాక్."

"ఎవరమ్మా?"

"దేర్ వాజ్ నోబడీ." తర్వాత తను ఎప్పుడోగానీ మాట్లాడని తెలుగులో అంది. "ఆయన లాగే పట్టుకున్నారు డాడీ."

ఇంటికి వచ్చాక సునీత కోటు తగిలించబోతూ, "ఇదేంటండీ, ఇక్కడ ఎవరు మెలిపెట్టారు?" అంది. ఎడమవైపు, నడుము దగ్గర, దళసరి బట్ట సుడి తిరిగి ముడతపడి ఉంది. చేత్తో ఎంత రుద్దినా పోలేదు. హన్నా ఆ ముడతను వేలితో ముట్టుకుని, వెంటనే ఫోన్ తీసుకుని లూసియాకు చెప్పేసింది.

నా కేక ఫోన్‌లో విన్న పాస్టర్ గారు సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశారు. "బ్రదర్, ప్రభువు మిమ్మల్ని మరణం నుంచి తప్పించాడు. రేపు సాక్ష్యం చెప్పాలి. ఇలాంటివి దాచుకోకూడదు." మా సంఘంలో అది ఆనవాయితీ. ఆపరేషన్ సవ్యంగా జరిగినా, ఇక్కడ స్థిరనివాసానికి పీఆర్ వచ్చినా, కానుకలు పట్టే ముందు లేచి మైక్ పట్టుకుని చెప్పాలి. సరేనన్నాను. జరిగింది జరిగినట్టు చెబుదామనే అనుకున్నాను.

ఆదివారం లూసియా వచ్చింది. హన్నా పిలిచిందట, మా డాడీ మీ నాన్నగారి గురించి చెబుతారు, రమ్మని. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నేను చెప్పేది ఆమె చెవిలో ఇంగ్లీషులో చెప్పడానికి హన్నా సిద్ధంగా ఉంది.

మైక్ చేతికి వచ్చింది. ఎదురుగా నేను బోధించిన యువకులు. దెయ్యాలు లేవని నా నోటితో విన్నవాళ్ళు. మెడలో పతకం వేసుకున్న ఒక చనిపోయిన మనిషి వచ్చి నన్ను లాగాడని ఒక సంఘపెద్ద చెబితే ఏమనుకుంటారో ఒక్క క్షణంలో నా కళ్ళముందు కనబడింది.

"ఒక హస్తం నన్ను పట్టుకుంది" అన్నాను. హల్లెలూయా అన్నారు. ఆ ఊపులో ఇంకొంచెం ముందుకు వెళ్ళాను. "అది దేవదూత హస్తం" అన్నాను. ఇంకా గట్టిగా అన్నారు. "ఆ సమయంలో నా ముఖం మీద గొప్ప వెలుగు పడింది" అని కూడా అన్నాను. ఏ వెలుగూ పడలేదు. మబ్బు పట్టి ఉంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నా నోటి నుంచే వచ్చింది.

లూసియా కొంచెం ముందుకు వంగి వింటోంది. ఆమెకు తెలుగు రాదు. తండ్రి పేరు కోసం చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. హన్నా సగంలో చెప్పడం ఆపేసి కిందికి చూడసాగింది.

తర్వాత భోజనాల దగ్గర లూసియా నా దగ్గరికి వచ్చింది. "సో, యాన్ ఏంజెల్" అంది, మర్యాదగా నవ్వి. "హన్నా నాతో వేరేలా చెప్పింది. పప్పా లాగా పట్టుకున్నారని."

అప్పుడైనా చెప్పాల్సింది. పక్కనే పాస్టర్ గారు ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. "హన్నా చిన్నపిల్ల కదా, ఆయన్ని మర్చిపోలేకపోతోంది. ఏదో ఊహించుకుంది" అన్నాను. హన్నా నా వెనకే ఉంది.

ఇంటి దగ్గర కారు దిగేటప్పుడు హన్నా అంది. "యూ లైడ్ ఆన్ ద మైక్, డాడీ. అండ్ దెన్ యూ సెడ్ ఇట్ వాజ్ మీ."

సునీత దాన్ని కసరబోయి, నా ముఖం చూసి ఊరుకుంది. ఆ రాత్రి నేను ప్రార్థించలేకపోయాను. దేవుడు నన్ను రక్షించలేదని కాదు. రక్షించాడు, ఈ రోజుకీ అదే నమ్ముతున్నాను. కానీ ఎవరి చేత రక్షించాడో ఆ పేరు నేను మింగేశాను. వచ్చే ఆదివారం అందరి ముందూ సరిచేస్తానని హన్నాకు మాటిచ్చాను. తను లూసియాను మళ్ళీ పిలిచింది.

ఆ ఆదివారం కావాలనే చివరి వరసలో, గోడకు ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చున్నాను. వెనక మనిషి పట్టే జాగా లేదు. సాక్ష్యాల సమయం వచ్చింది. "ఇంకెవరైనా ఉన్నారా?" అని పాస్టర్ గారు అడిగారు. ముందు వరసల్లోంచి హన్నా వెనక్కి తిరిగి చూసింది. పక్కన లూసియా కూడా.

లేవబోయాను. సగం లేచాను కూడా.

ఎడమవైపు, నడుము దగ్గర, సూటుకోటు బిగుసుకుంది. చిటికెడు. నేను మళ్ళీ కూర్చున్నాను.

పాస్టర్ గారు కాసేపు చూసి పాట ఎత్తుకున్నారు. హన్నా ముందుకు తిరిగిపోయింది. ఆ తర్వాత లూసియా మా సంఘానికి రాలేదు.

పేరు అక్కర్లేదు, వదిలెయ్యి పాద్రే, అని అర్మిందు గారే ఆపారా? ఆ ఫోటో కింద పేరు లేకపోయినా నవ్విన మనిషి అలా అనగలరు. లేక అది నా భయమేనా? కుర్చీ చేతికి కోటు చిక్కుకుందా? తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇంటికి వెళ్ళి కోటు విప్పి, వెనక ఆ చోట మెలిక ఉందో లేదో చూస్తే చాలు.

నేను చూడలేదు. విప్పిన కోటును వీపువైపు గోడకు ఉండేలా తగిలించాను. మర్నాడు సునీతకంటే ముందే లేచి, కళ్ళు పక్కకు తిప్పుకుని దాన్ని సంచిలో కుక్కి డ్రైక్లీనింగ్‌కు ఇచ్చేశాను. ఇస్త్రీ చేసి, నున్నగా తిరిగి వచ్చింది.

మొదటిసారి పట్టాల దగ్గర నన్ను లాగింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మంచులో వేరే అడుగులు లేవు, కోటు మీద మెలిక ఉంది, మా అమ్మాయి చూసింది. అంతకు మించి చెప్పలేను. రెండోసారి సంగతి మాత్రం చెప్పగలిగేవాణ్నే, చూసి ఉంటే.

ఆయన పేరు అర్మిందు. మైక్‌లో అనలేకపోయిన పేరు ఇక్కడ రాస్తున్నాను. ఇది లూసియాకు ఇంగ్లీషులో చదివి వినిపించమని హన్నాను అడిగాను. లూసియాకు నువ్వే చెప్పు డాడీ, అంది.