అంత్యదినాల నవలకు నేను వేసిన అట్ట

గత ఏడాది, స్థానిక ఎన్నికల వేడి. మేడ్చల్ రోడ్డు మీది నా ఫ్లెక్సీ దుకాణంలో నాయకులు వరుస కట్టిన రోజులవి. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను బడి అడ్మిషన్ల బ్యానర్లు వేసి బతుకుతున్నాను. 'చదువే వెలుగు' అని వేసి ఆరబెడితే, మా అమ్మ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తుంది.

అప్పుడే సులోచనక్క వచ్చింది. గండిమైసమ్మ దగ్గర అద్దె షెడ్డులో ప్రార్థనలు నడుపుతూ, లోకం అంతమయ్యే రోజుల మీద నవలలు రాస్తుంది. శామీర్‌పేట దాకా ఆడవాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదువుతారు. కొత్త నవలలో ఒక పాలకుడు యుద్ధాలన్నీ ఆపుతాడు, దేశాలన్నీ మొక్కుతాయి. ఆ తర్వాత, చేతి మీద తన ముద్ర వేయించుకోని వాళ్లకు బియ్యం బంద్ పెడతాడు; వాడు సైతాను మనిషి.

"అక్కా, గీయన ఏ పార్టీ?" అన్నాను.

"ఏ పార్టీ గాదు. కావాల్ననే రాయలే. పార్టీ పెడితే చదివెటోళ్లు పక్కోని దిక్కు వేలు చూపిస్తరు. పెట్టకుంటే తమను తాము జూసుకుంటరు."

మా పనిలో 'బాడీ' అని ఒకటుంటుంది. ఫొటోలు దిగే తీరిక నాయకులకు ఉండదు కాబట్టి, మంచి భంగిమలో ఉన్న ఒక మొండెం దాచుకుని తలలు మారుస్తుంటాం. ఆ వారమే ఫ్లెక్సీ వేయించుకున్న ఒక అభ్యర్థి బాడీని అక్క అట్ట మీద ఆ పాలకుడిగా వాడాను. ముఖం చీకటి చేశాను, కండువా నల్లగా మార్చాను. పైకెత్తిన చేతికున్న, ఆయన ఎప్పుడూ తీయని లావుపాటి వెండి కడియం మాత్రం కావాలనే ఉంచి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు చూపే నమూనా, చూసి అక్క ఆగింది.

"గీ చెయ్యి యాడనో చూసినట్టున్నది తమ్మీ."

"కంప్యూటర్ బొమ్మక్కా. ఎవ్వలది గాదు."

నమ్మింది.

పుస్తకం బయటికి రాగానే ఎదుటి పార్టీ వాళ్లు కడియాన్ని గుర్తుపట్టారు. కట్టలు కట్టలుగా కొని, "దేవుడే చెప్పిండు, గీనికి ఓటెయ్యకుండ్రి" అంటూ ఇంటింటికీ పంచారు. అక్క చెప్పిన మాట ఒకటి, ఊరు చదివింది ఇంకొకటి. షెడ్డు ఆ అభ్యర్థిదే. నేను ప్రెస్సు నుంచి మిగతా కాపీలు తీసుకెళ్లేసరికి ఆయన మనుషులు చాపలు బయట పారేసి తాళం వేస్తున్నారు.

"మా అన్ననే సైతాన్ జేస్తవా? గా బొమ్మ ఎవ్వడేసిండు?"

"నేను చూసి ఒప్పుకున్నదే. నన్నడుగుండ్రి," అంది అక్క.

నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తుకోలేదు. ఎప్పుడూ ఊరుకోని నా నోరు, ఆ ఒక్కసారి మాట్లాడాల్సిన చోట మూతపడింది. ఆ కట్టలు మోసుకుని అలాగే వెనక్కి వచ్చేశాను.

తర్వాత ప్రార్థన రోడ్డు పక్కన టార్పాలిన్ కింద జరిగేది. వానకు ముసలమ్మలు తడుస్తూ పాడేవాళ్లు. ఒక ఆదివారం తట్టుకోలేక వెళ్లి నిజం చెప్పాను. నేను నవ్వుకోవడానికి చేసిన పనికి ఇంకొకరి కప్పు పోతుందని అక్కడ నిలబడితే గాని తెలియలేదు. ఆ సిగ్గులో కూడా నా నాలుక ఆగలేదు.

"కొత్త అట్ట నేనే ఏసిస్తక్కా. గీసారి వాని జాగల నా ఫోటో పెడ్త."

అక్క నవ్వలేదు.

"పెట్టు తమ్మీ. నా కథల వాడు కత్తి పట్టుకొని రాడు. అందర్ని నవ్వించుకుంట, సల్లగ అబద్ధమాడుకుంట వస్తడు."